కొలతల వెంట నడుస్తూ ‘లుకర్’ (1981) సినిమాను లోతుగా చూడటం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

మైకేల్ క్రైటన్ స్వయంగా రాసి, దర్శకత్వం వహించిన ‘లుకర్’ 1981 అక్టోబరు 30న అమెరికాలో విడుదలైంది. వాణిజ్య ప్రకటనల పరిశ్రమనూ, ఆ పరిశ్రమ నిర్ణయించే అందపు ప్రమాణాలనూ ఎండగట్టిన ఈ సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్‌ను ఆనాటి ప్రేక్షకులు పెద్దగా ఆదరించలేదు. ఇప్పుడు దీని గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు విషయాలు ప్రస్తావిస్తారు. ఒకటి, ఎదుటి మనిషిని కాసేపు కాలస్పృహ లేని స్థితిలోకి నెట్టే వెలుగు తుపాకీ. రెండవది, మనిషి శరీరాన్ని కంప్యూటరులో పునఃసృష్టించిన తొలినాటి దృశ్యాలు. రెండూ ముఖ్యమైనవే అయినా సినిమా అసలు బలం వేరే చోట ఉందని నా నమ్మకం. అందాన్ని కొలవవచ్చుననీ, కొలిచిన దానిని సరిదిద్దవచ్చుననీ, సరిదిద్దిన రూపంతో జనం చేత ఏదైనా కొనిపించవచ్చుననీ నమ్మే ఒక సంస్థ, తన లెక్కకు లొంగని మనిషిని చివరికి ఏం చేస్తుందన్నదే ఇందులోని కథ. అందువల్ల సినిమా పొడవునా కొలత ఎక్కడెక్కడ కనబడుతుందో గమనిస్తూ, దాని వెంట నడవడమే ఈ మార్గదర్శి సూచించే పద్ధతి. ఫిల్మ్ సొసైటీలకూ, జర్నలిజం విద్యార్థులకూ, ఇంట్లో నలుగురు కూర్చుని సినిమా చూసి చర్చించుకునే అలవాటున్నవారికీ ఇది ఉపయోగపడుతుంది. మూడవ దశ నుంచి కథలోని మలుపులన్నీ చెప్పవలసి వచ్చింది కాబట్టి, ఏమీ తెలియకుండా చూడాలనుకునేవారు రెండవ దశ వరకు చదివి, సినిమా చూసి, తిరిగి రావడం మంచిది.

మొదటి దశ: చూడటానికి ముందు సిద్ధం చేసుకోవలసినవి

సినిమా నిడివి గంటన్నర కంటే కొద్దిగా ఎక్కువ. ఒక సాయంత్రం చూసి, మరో సాయంత్రం ఆపుతూ ఆపుతూ మళ్లీ చూసేలా రెండు రోజులు కేటాయించుకోండి. వెలుగు తుపాకీ పేలిన ప్రతిసారీ తెర మీద తీవ్రమైన మెరుపులు వస్తాయి. మెరిసే వెలుతురు వల్ల మూర్ఛ వచ్చే ప్రమాదమున్నవారు ఈ సినిమా చూడకపోవడమే క్షేమం. నలుగురికి ప్రదర్శించేవారు ఈ సంగతి ముందుగానే ప్రకటించాలి. అమెరికాలో దీనికి పిజి (పెద్దల పర్యవేక్షణలో పిల్లలు చూడవచ్చు) ధ్రువపత్రం ఇచ్చారు. పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో మరింత గట్టిగా హెచ్చరించే పిజి-13 అనే వర్గం 1984లో గాని రాలేదు గనుక, ఆ పిజి ముద్రను చూసి పిల్లలతో కలిసి కూర్చోవద్దు. ఇందులో నగ్నత్వం ఉంది, హత్యలున్నాయి.

ఒక నోటుపుస్తకం తీసుకుని, పేజీకి నాలుగు నిలువు గడులు గీసుకోండి. మొదటి గడిలో కొలుస్తున్నది ఎవరు, రెండవ గడిలో దేనిని కొలుస్తున్నారు, మూడవ గడిలో ఆ కొలత ఫలితం ఎవరి చేతికి వెళ్తోంది, నాలుగవ గడిలో ఆ కొలతకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అని రాసుకోండి. చిన్న ఏర్పాటే గాని, ఈ మార్గదర్శిలోని పని అంతా ఈ గడుల మీదే నడుస్తుంది.

ఒక జాగ్రత్త కూడా అవసరం. థియేటర్లలో విడుదలైన ప్రతిలో హత్యలకు కారణం స్పష్టంగా చెప్పరు. తరువాత టెలివిజన్‌లో ప్రసారమైన ప్రతిలో ఆ కారణాన్ని వివరించే సన్నివేశం చేర్చారు. మొదటిసారి చూసేటప్పుడు ఆ వివరణ కోసం వెతకకండి. అది ఎందుకు తెలియకపోయిందని అడుగుతూ చూడటం వల్ల లాభం ఎక్కువ.

రెండవ దశ: 1981 నాటి అమెరికాను మనసులో నిలుపుకోవడం

క్రైటన్ హార్వర్డ్ వైద్య కళాశాలలో 1969లో పట్టా పొంది కూడా వైద్యవృత్తి చేపట్టని రచయిత. అందువల్ల ఆయన కథల్లో ఆసుపత్రి, ప్రయోగశాల, అక్కడి పరికరాలు, వాటి మీద పెత్తనం చేసే సంస్థలు లోపలి మనిషి చూసినట్లు కనిపిస్తాయి. 1973లో ఆయన దర్శకత్వం వహించిన ‘వెస్ట్‌వరల్డ్’లో ఒక యంత్రమనిషి చూపును తెర మీద చూపడానికి కంప్యూటరుతో చిత్రాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా మార్చారు. పూర్తినిడివి కథాచిత్రంలో డిజిటల్ పద్ధతిలో బొమ్మను మార్చడం అదే మొదలు. యంత్రం మనిషిని ఎలా చూస్తుందన్న ప్రశ్న ఎనిమిదేళ్ల తరువాత వచ్చిన ‘లుకర్’లో మరింత ముదిరింది.

ప్రకటనల పట్ల అమెరికన్లలో ఉన్న భయానికీ ఒక చరిత్ర ఉంది. 1957లో జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు న్యూజెర్సీలోని ఒక సినిమా హాలులో, కంటికి ఆననంత వేగంగా మెరిసే సందేశాలు తెర మీద వేసి పాప్‌కార్న్, కోకాకోలా అమ్మకాలు పెంచానని ప్రకటించాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1962 నాటికి ఆ ప్రయోగం నమ్మదగినది కాదని అతడే ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు వచ్చినా భయం పోలేదు. కాంతితో మనసును లొంగదీసుకోవచ్చునన్న ఊహ ‘లుకర్’లోకి ఆ దారినే వచ్చిందని నాకు అనిపిస్తుంది. అదీగాక, సినిమా విడుదలయ్యేనాటికి అధ్యక్ష పదవిలో ఉన్న రోనాల్డ్ రీగన్ పూర్వం సినిమా నటుడు. 1954 నుంచి 1962 వరకు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రాయోజితం చేసిన టెలివిజన్ కార్యక్రమానికి వ్యాఖ్యాత. ఆ సంవత్సరం ఆగస్టులోనే ఎంటీవీ మొదలైంది, ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించింది. తెర, ప్రకటన, అధికారం, కంప్యూటరు అనే నాలుగూ ఒకేసారి ఇళ్లకు దగ్గరవుతున్న కాలమది.

మూడవ దశ: మొదటిసారి ఆపకుండా చూడటం

మొదటి సాయంత్రం నోటుపుస్తకం మూసేసి కథను కథగా చూడండి. డాక్టర్ లారీ రాబర్ట్స్ (ఆల్బర్ట్ ఫిన్నీ) బెవర్లీ హిల్స్‌లో పేరున్న ప్లాస్టిక్ సర్జన్. అప్పటికే ఎంతో అందంగా ఉన్న టెలివిజన్ మోడళ్లు కొందరు ఆయన దగ్గరకు వచ్చి, కంటికి తెలియనంత చిన్న మార్పులు చేయమంటారు. ఆయన చేస్తాడు. తరువాత ఆ మోడళ్లు ఒకరి వెనుక ఒకరు అనుమానాస్పదంగా మరణిస్తారు. నేరం ఆయన మీదకు వచ్చేలా సాక్ష్యాలు దొరుకుతాయి. ఆయన వద్ద శస్త్రచికిత్స చేయించుకున్న సిండీ (సూజన్ డే) ప్రాణాలతో మిగిలి ఉంటుంది. ఆమెను కాపాడే ప్రయత్నంలో ఆయన డిజిటల్ మ్యాట్రిక్స్ అనే ప్రకటనల పరిశోధన సంస్థనూ, దాని వెనుక ఉన్న పారిశ్రామికవేత్త జాన్ రెస్టన్‌నూ (జేమ్స్ కోబర్న్) చేరుకుంటాడు.

చూడటం పూర్తయ్యాక, ఆ రాత్రే, మీకు అర్థంకాని విషయాలన్నీ ఒక కాగితం మీద రాయండి. కథలో సందులు చాలానే ఉన్నాయి. వాటిని లోపాలుగా కొట్టిపారేయకుండా ప్రశ్నలుగా ఉంచుకుంటే రెండవసారి చూసేటప్పుడు కొన్నిటికి జవాబు దొరుకుతుంది. కొన్నిటికి ఎప్పటికీ దొరకదు.

నాలుగవ దశ: రెండవసారి, ఆపవలసిన చోట్ల ఆపుతూ

ఈ దశకే ఎక్కువ సమయం ఇవ్వాలి. అయిదు చోట్ల సినిమాను ఆపి గడులు నింపండి.

మొదటిది, మోడల్ డాక్టరు ముందు కూర్చుని జాబితా చదివే సన్నివేశం. ముక్కు, చెక్కిలి ఎముకలు, గడ్డం ఎంతెంత మార్చాలో మిల్లీమీటర్లలోనూ, మిల్లీమీటరులో భాగాలలోనూ ఆ జాబితాలో రాసి ఉంటుంది. ఇక్కడ ఆమె గొంతును శ్రద్ధగా వినండి. తనకు నచ్చని ముఖం గురించి బాధపడే మనిషి స్వరం అది కాదు. ఎవరో చేసి ఇచ్చిన లెక్కను అప్పజెప్పే స్వరం. అందం గురించిన అసంతృప్తి మనిషి లోపలి నుంచి పుడుతుందని మనం అనుకుంటాం, ప్రకటనలు కూడా అలాగే అనుకోమంటాయి. ఈ సన్నివేశంలో ఆ అసంతృప్తి టైపు చేసిన కాగితంగా బయటి నుంచి వచ్చింది. మొదటి గడిలో ‘కొలిచినవారు’ అన్నచోట ఇప్పటికి ఖాళీ వదలండి. ఇంకా ఎవరో తెలియదు, ఆమెకూ సరిగా తెలియదు.

రెండవది, డిజిటల్ మ్యాట్రిక్స్ ప్రయోగశాలలో జెనిఫర్ లాంగ్ (లీ టేలర్-యంగ్) సంస్థ పనిని వివరించే ఘట్టం. ప్రకటన చూస్తున్నప్పుడు ప్రేక్షకుడి కన్ను తెర మీద ఏ బిందువు దగ్గర ఆగుతుందో వారు నమోదు చేస్తారు, దానిని బట్టి మోడళ్ల శరీర లక్షణాలకు మార్కులు వేస్తారు. కంటి కదలికలను నమోదు చేసే శాస్త్రం కల్పన కాదు. సోవియట్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ యార్బస్ పరిశోధన 1967లోనే ఆంగ్లంలో వెలువడింది, ఒక చిత్రాన్ని చూసే కన్ను మనసులోని ప్రశ్నను బట్టి వేర్వేరు దారుల్లో నడుస్తుందని ఆయన చూపాడు. ఆయన దృష్టి చూసేవాడి ఆలోచన మీద ఉంది; సినిమాలోని సంస్థ దృష్టి చూసేవాడిని ఆలోచించకుండా నిలబెట్టడం మీద ఉంది. గడులు నింపేటప్పుడు జాగ్రత్తగా గమనిస్తే, ఇక్కడ కొలత రెండు వైపులా సాగుతున్నదని తెలుస్తుంది. తెర మీది స్త్రీని ఎంత సూక్ష్మంగా కొలుస్తున్నారో, తెర ముందు కూర్చున్నవారిని కూడా అంతే సూక్ష్మంగా కొలుస్తున్నారు. జాబితా రాసినవారెవరో కూడా ఇక్కడే తేలుతుంది కాబట్టి, వెనక్కి వెళ్లి ఖాళీ గడిని పూరించండి.

శస్త్రచికిత్స తరువాత మోడళ్లు కొలతలకు సరిగ్గా సరిపోయారు. అయినా ఫలితం సంస్థ ఆశించినంతగా రాలేదు. కారణం, బతికున్న మనిషి కదులుతుంది. ఒకసారి నడిచినట్లు మరోసారి నడవదు. నా దృష్టిలో సినిమా మొత్తంలో అతి భయంకరమైన ఆలోచన ఇదే. అడిగినదంతా సమర్పించుకున్నాక కూడా ప్రాణంతో ఉండటమే లోపంగా మిగిలింది.

మూడవది, సిండీ శరీరాన్ని స్కాన్ చేసే సన్నివేశం. చీకటి గదిలో నగ్నంగా నిలబడిన ఆమె శరీరం మీద కాంతి గీతలు, గడులు పాకుతాయి. పక్కనున్న తెరల మీద ఆమె రూపం క్రమంగా రేఖలుగా, ఉపరితలాలుగా తయారవుతుంది. ఈ సన్నివేశాన్ని రెండుసార్లు చూడండి, ఒకసారి శబ్దం లేకుండా. ఒప్పందం ప్రకారం మోడల్‌కు జీవితాంతం డబ్బు వస్తూనే ఉంటుంది, ఇక ఆమె పనిచేయనవసరం లేదు, ఆమె డిజిటల్ రూపమే ప్రకటనల్లో నటిస్తుంది. ‘మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు’ అన్న గడిలో ఈ ఒప్పందాన్ని వివరంగా రాయండి. జీవితాంతం జీతం ఇస్తామన్న సంస్థకు ఆ జీవితం ఎంత పొడవు ఉంటే లాభం అన్న ప్రశ్న వేసుకుంటే, థియేటరు ప్రతిలో చెప్పకుండా వదిలిన హత్యల కారణం మీద మీరే ఒక ఊహ చేయగలరు. టెలివిజన్ ప్రతిలోని వివరణను ఆ తరువాత చూసి పోల్చుకోండి.

నాలుగవది చాలామంది దాటిపోయే చిన్న సన్నివేశం: సిండీ తన తల్లిదండ్రుల ఇంటికి వెళ్తుంది, వారు టెలివిజన్ నుంచి చూపు తిప్పి కూతురితో సరిగా మాట్లాడరు. ఇక్కడ ఏ తుపాకీ లేదు, ఏ యంత్రమూ లేదు. ఇది పెట్టి క్రైటన్ తన కల్పనకు నేలను చూపించాడు.

అయిదవది ముగింపు. రెస్టన్ ఆహ్వానితుల ముందు తన కొత్త ప్రకటనలను ప్రదర్శిస్తూ ఉంటాడు. ఖాళీ సెట్ల మీద డిజిటల్ మనుషులు తెరలో మాత్రమే కనిపిస్తూ సరుకుల గురించి మాట్లాడతారు. అదే సమయంలో ఆ ఖాళీ సెట్ల మధ్య డాక్టరూ, సంస్థ మనుషులూ ఒకరినొకరు వేటాడుతుంటారు. ఫలితంగా చిరునవ్వు చెదరని డిజిటల్ కుటుంబం పక్కనే నిజమైన మనిషి శవం ప్రకటనలో కనిపిస్తుంది. ఈ ఘట్టంలో ఆహ్వానితుల ముఖాలను చూడండి, వారు ఎప్పుడు నవ్వుతున్నారో ఎప్పుడు ఆగుతున్నారో రాసుకోండి. సినిమాలోని వ్యంగ్యం అంతటికీ ఇదే శిఖరం.

ఇక వెలుగు తుపాకీ. దాని పేరే సినిమా పేరు. అది తగిలినవారికి కొంతకాలం లేనట్లే గడిచిపోతుంది, తుపాకీ పట్టుకున్నవాడు ఆ వ్యవధిలో కనిపించకుండా తిరుగుతాడు. అద్దంలా మెరిసే కళ్లద్దాలు పెట్టుకుంటే దాని నుంచి రక్షణ దొరుకుతుంది. తుపాకీ ఉన్న ప్రతి సన్నివేశంలోనూ మనిషి పోగొట్టుకునేది సమయమేనని గుర్తిస్తే, తెర ముందు కూర్చున్న తల్లిదండ్రులు పోగొట్టుకున్నదీ అదేనని తెలుస్తుంది. తుపాకీని విడి వింతగా చూడకుండా ఆ ఇంటి సన్నివేశం పక్కన పెట్టి చదవడం మంచిది.

అయిదవ దశ: సినిమా తప్పించుకున్న ప్రశ్నలను అడగడం

ఒక సినిమాను అభిమానించేవారు దాని బలహీనతను దాచకూడదు. స్త్రీ శరీరాన్ని వస్తువుగా చూసే పరిశ్రమను విమర్శిస్తున్న ఈ సినిమా, అదే శరీరాన్ని ప్రకటనల కెమెరా చూసినట్లే చాలాసార్లు చూస్తుంది. స్కాన్ సన్నివేశంలో కెమెరా ఎక్కడ నిలబడింది, యంత్రం చూపుకూ మన చూపుకూ మధ్య దర్శకుడు ఏమైనా దూరం ఉంచాడా అన్నది ఫ్రేము ఫ్రేముగా పరిశీలించవలసిన విషయం. కొన్ని చోట్ల దూరం ఉంది, చాలా చోట్ల లేదు.

ఇంతకంటే పెద్ద ప్రశ్న డాక్టరు గురించి. జాబితా చూసినప్పుడు ఆయన ఆశ్చర్యపోయాడు గాని కత్తి పట్టుకోవడం మానలేదు. మోడళ్లు చనిపోయిన తరువాత, తన మీద అనుమానం వచ్చిన తరువాత గాని ఆయన ప్రశ్నలు వేయలేదు. సినిమా ఆయనను నాయకుడిగా నిలబెట్టి, ఆయన బాధ్యతను అడగకుండానే ముగుస్తుంది. మీ నోటుపుస్తకంలో మూడవ గడిని, అంటే కొలత ఎవరి చేతికి వెళ్లిందన్న గడిని, మళ్లీ చూడండి. మొదటి జాబితా వెళ్లింది ఆయన చేతికే. చనిపోయిన స్త్రీల గురించి మనకు ఎంత తెలుసు, వారు ఏం కోరుకున్నారు, ఎవరికోసం సంపాదిస్తున్నారు అని రాయబోతే పేజీ దాదాపు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని చర్చకు పెట్టండి.

ఆరవ దశ: బొమ్మ తయారైన తీరును తెలుసుకోవడం

సిండీ కంప్యూటర్ రూపాన్ని ఇన్ఫర్మేషన్ ఇంటర్నేషనల్ ఇన్‌కార్పొరేటెడ్ అనే కాలిఫోర్నియా సంస్థ తయారుచేసింది. పరిశ్రమలో దానిని ట్రిపుల్ ఐ అనేవారు. ‘వెస్ట్‌వరల్డ్’ చిత్రాల మార్పులు కూడా అక్కడే జరిగాయి, మరుసటి ఏడాది వచ్చిన ‘ట్రాన్’లోనూ దానికి భాగముంది. 1976లో ‘ఫ్యూచర్‌వరల్డ్’ అనే సినిమా కంప్యూటరుతో చేసిన చేతినీ, తలనూ చూపింది. వెలుగునీడలతో కూడిన పూర్తి మానవ శరీరాన్ని త్రిమితీయంగా నిర్మించి కథాచిత్రంలో చూపిన తొలి సినిమాగా ‘లుకర్’ను పేర్కొంటారు. ఆ నిర్మాణానికి నిజమైన నటి శరీరాన్నే కొలవవలసి వచ్చిందన్న సంగతిని మాత్రం మీ గడుల్లో ఒక ప్రత్యేక వరుసగా చేర్చండి.

ఏడవ దశ: అవే గడులతో నేటి ప్రకటనను చదవడం

ఇప్పుడు మీకు రోజూ కనబడే ఒక సౌందర్య సాధనం ప్రకటనను ఎంచుకుని, అదే నాలుగు గడుల్లో నింపండి. ఆరంభంలో కష్టంగా అనిపిస్తే మన దేశపు ఉదాహరణతో మొదలుపెట్టవచ్చు. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ క్రీము పెట్టెల మీద చాలాకాలం పాటు చర్మపు ఛాయను పోల్చుకునే వరుస ముద్రించేవారు. మొదటి ఛాయ నుంచి చివరి ఛాయ వరకు అమ్మాయి ముఖం తెల్లబడుతూ పోయే ఆ వరుస కొలబద్ద కాక మరేమిటి? నలుపు ఛాయ ఉన్నవారిని తక్కువ చేసి చూపకూడదని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు పెట్టింది. ఆ వరుసను పెట్టెల మీద నుంచి 2019లో తీసేశారు, 2020లో క్రీము పేరు గ్లో అండ్ లవ్‌లీగా మారింది. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో, మన ఇళ్ల మాటల్లో ఆ కొలబద్ద ఇంకా ఎక్కడెక్కడ మిగిలి ఉందో చర్చలో పాల్గొనేవారే చెప్పగలరు.

డిజిటల్ మోడళ్ల విషయానికొస్తే, సినిమా ఊహించినది చాలావరకు జరుగుతోంది. ఫ్యాషన్ పత్రిక ‘వోగ్’ 2025 ఆగస్టు అమెరికన్ సంచికలో, గెస్ అనే దుస్తుల సంస్థ ప్రకటనలో కనిపించిన యువతి కృత్రిమ మేధ సృష్టి. ఆ సంగతి పేజీలో చిన్న అక్షరాలలో ఉంది. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబరు 1 నుంచి, మోడళ్ల శరీరాన్ని సన్నగానో లావుగానో మార్చిన వాణిజ్య ఛాయాచిత్రాల మీద ఆ విషయం తెలియజేయడం తప్పనిసరి అయింది. 2023 జులై 14 నుంచి నవంబరు 9 వరకు సాగిన హాలీవుడ్ నటుల సమ్మెలో డిజిటల్ ప్రతిరూపాలు ప్రధాన వివాదాలలో ఒకటి. చిన్న పాత్రధారులను స్కాన్ చేసి, ఒక రోజు వేతనం ఇచ్చి, ఆ రూపాన్ని ఎప్పటికీ వాడుకోవాలని నిర్మాతలు కోరుతున్నారని నటుల సంఘం ఆరోపించింది. నిర్మాతల పక్షం దానిని ఖండించింది. ఈ వివాదాన్ని సిండీ ఒప్పందం పక్కన పెట్టి చూడండి. 1981 నాటి కథలోని దుష్టుడు కనీసం జీవితాంతం జీతమన్నా ఇస్తానన్నాడు.

తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన రష్మికా మందన్న ముఖాన్ని వేరొక యువతి వీడియోకు అతికించి 2023 నవంబరులో ప్రచారంలోకి తెచ్చిన ఉదంతాన్ని కూడా ఈ గడుల్లో రాయండి. అక్కడ మూల్యం చెల్లించినవారు ఇద్దరు స్త్రీలు. ముఖం పోగొట్టుకున్నవారి గురించి దేశమంతా మాట్లాడింది, శరీరం ఎవరిదో ఆ రెండవ యువతి గురించి మాట్లాడినవారు తక్కువ.

ఎనిమిదవ దశ: చర్చను నడిపించడం

పది పదిహేను మందికి మించని బృందమైతే అందరికీ మాట్లాడే అవకాశం దొరుకుతుంది. సినిమా ఎలా ఉందన్న ప్రశ్నతో ప్రారంభించకండి. నచ్చింది, నచ్చలేదు అన్న మాటల దగ్గరే సమయం ఖర్చవుతుంది. ప్రతి ఒక్కరూ తమ గడుల్లోంచి ఒక్క వరుస చదివి, అది ఏ సన్నివేశంలో కనిపించిందో చెప్పాలి. ఆ తరువాత, జాబితా తెచ్చిన మోడల్‌ను డాక్టరు ఏమని అడిగి ఉండవలసిందో ఒక్కొక్కరు ఒక వాక్యం రాయాలి. బృందంలో ఎవరి రూపం గురించీ, బరువు గురించీ, ఛాయ గురించీ ఉదాహరణకైనా వ్యాఖ్యానించకూడదన్న నియమాన్ని ముందుగానే పెట్టాలి. విద్యార్థినులు ఉన్నచోట స్కాన్ సన్నివేశాన్ని ప్రదర్శించాలా, మాటల్లో వివరిస్తే చాలునా అన్నది వారినే అడిగి నిర్ణయించాలి. చివర్లో టెలివిజన్ ప్రతిలోని వివరణ సన్నివేశాన్ని అందరికీ చూపించి, మూడవ దశలో రాసుకున్న ప్రశ్నల కాగితాలు తీయించండి. రెస్టన్ చెప్పే కారణంతో తృప్తిపడినవారిని ఒక వైపు, ఇంకా తృప్తిపడనివారిని మరో వైపు కూర్చోబెడితే, చర్చ అక్కడి నుంచి దానంతటదే సాగుతుంది.